పిల్లల చేతికి ఫోన్: ఏ సెట్, ఏ ప్యాక్, ఎవరి పేరు మీద

పదో తరగతి ఫలితాలు వచ్చి ఇంటర్ అడ్మిషన్లు మొదలయ్యే రోజుల్లో, ఫీజుల గురించి, పుస్తకాల గురించి మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు లేచి వెళ్లబోతూ ఒక మాట అడుగుతుంటారు: "మా వాడికి ఫోన్ కొనాలి భాయ్, ఏది మంచిది?" 'మా వాడికి' అనే అడుగుతారు. 'మా అమ్మాయికి' అని అడిగేవారు తక్కువ. ఆ సంగతి కాస్త ఆగి మాట్లాడుకుందాం. ముందు అడిగినదానికి జవాబు చెప్పుకోవాలి. చోడవరంలోనూ, చుట్టుపక్కల మాడుగుల, బుచ్చెయ్యపేట, రావికమతం వైపు ఊళ్లలోనూ మన కుటుంబాలు చాలావరకు రోజు కూలీ మీద, కుట్టుమిషను మీద, చిన్న దుకాణం మీద నడిచేవే. అలాంటి ఇంట్లో పది వేల రూపాయల ఫోన్ అంటే ఆషామాషీ ఖర్చు కాదు. అందుకే ఈ విషయాన్ని ఈ సంచికలో ఒక పాఠంలా, లెక్కలతో సహా రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. సెట్ ఏ కంపెనీది అన్నది చిన్న విషయం. అందులో వేసే సిమ్ ఎవరి పేరు మీద ఉంది, నెలనెలా వేసే ప్యాక్ ఎలాంటిది అన్నవే పిల్లల రోజును నడిపిస్తాయి. మనం మాత్రం దుకాణంలో గంటసేపు కెమెరా గురించి అడిగి, రీచార్జి దగ్గరికొచ్చేసరికి "అందరూ వేసేదే వెయ్యి బాబూ" అంటాం. ఈ వరసను తిరగెయ్యాలి.

ఎప్పుడు కొనాలి

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు ఫోన్ మన పిల్లల చదువులోకి వచ్చింది. దూరదర్శన్ సప్తగిరి చానెల్‌లో పాఠాలు వచ్చినా, వాట్సాప్‌లో హోంవర్కు పంపిన బడులకు ఫోన్ కావలసి వచ్చింది. బడులు తెరిచారు గానీ ఫోన్ వెనక్కి వెళ్లలేదు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచినప్పుడు పాఠాలు అందులోనే నింపి ఇచ్చింది. నెట్ లేకుండా కూడా పాఠం నడవాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. తెర ఇవ్వడం, నెట్ ఇవ్వడం రెండూ వేర్వేరు పనులు. ఇంట్లో మనం కూడా వాటిని వేరు చేసుకోవచ్చు. ప్యాక్ దగ్గర ఈ మాట మళ్లీ వస్తుంది.

పదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లలకు సొంత స్మార్ట్‌ఫోన్ అవసరం లేదని మా ఉద్దేశం. ఇంట్లో అమ్మ ఫోనో, నాన్న ఫోనో ముందు గదిలో కూర్చుని వాడుకుంటే చాలు. పాఠ్యపుస్తకాల్లో ఉండే క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో చూడటానికి పది నిమిషాలు పడుతుంది, దానికి సొంత ఫోన్ ఎందుకు? బడికి ఫోన్ తీసుకెళ్లడం మన రాష్ట్రంలో 2023 ఆగస్టు నుంచి నిషేధం కూడా. ట్యూషన్‌కు వెళ్లి చీకటి పడ్డాక వచ్చే పిల్లల గురించి భయమైతే బటన్ల ఫోన్ ఒకటి ఇవ్వండి. మాట్లాడటానికి, "బస్సు ఎక్కాను" అని చెప్పడానికి అది చాలు.

ఇంటర్‌లో చేరాక పరిస్థితి మారుతుంది. అనకాపల్లికో, విశాఖకో రోజూ బస్సులో వెళ్లివచ్చే పిల్లలు, హాస్టల్లో ఉండే పిల్లలు, ఈఏపీసెట్, నీట్‌కు దరఖాస్తు చేసే పిల్లలు, వీళ్లకు సొంత ఫోన్, సొంత నంబరు నిజంగానే అవసరం. ఎందుకో అమ్మాయిల సంగతి దగ్గర వివరంగా చెబుతాం.

ప్యాక్ లెక్క

రీచార్జి దుకాణంలో ఎక్కువ మంది వేయించేది 'రోజుకు ఒకటిన్నర జీబీ' ప్యాక్. 2024 జులై మొదటి వారంలో పెద్ద కంపెనీలన్నీ ధరలు పెంచినప్పుడు జియోలో ఇలాంటి 28 రోజుల ప్యాక్ 239 నుంచి 299 రూపాయలకు చేరింది. 28 రోజులంటే నెల కాదన్నది మొదట గుర్తుంచుకోవాలి. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జిలు అవుతాయి. 299ని 13తో గుణిస్తే 3,887 రూపాయలు. మూడేళ్లకు 11,661. పది వేల ఫోన్‌ను మూడేళ్లు వాడితే ఫోన్ కన్నా రీచార్జికే ఎక్కువ పెట్టినట్టు. బేరం ఫోన్ దగ్గర ఆడి, రీచార్జి దగ్గర కళ్లు మూసుకుంటే ఇదే జరుగుతుంది. (ధరలు తరచూ మారుతుంటాయి. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి అంకెలు అటూ ఇటూ కావచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.)

డబ్బు కన్నా పెద్ద విషయం ఇంకొకటి ఉంది. రోజువారీ ప్యాక్‌లో మిగిలిన డేటా అర్ధరాత్రికి పోతుంది. పదిహేడేళ్ల పిల్లవాడికి రాత్రి పదిన్నరకు ఇంకా ఒక జీబీ మిగిలి ఉంది, పన్నెండు గంటలకు అది ఆవిరైపోతుందని తెలుసు. ఏం చేస్తాడు? ఖర్చు పెట్టేస్తాడు. వాడి తప్పేమీ లేదు, సరుకు అలా తయారుచేసి అమ్ముతున్నారు. బిందె నిండా నీళ్లు ఇచ్చి, పొద్దుటికి పారబోస్తామంటే ఎవరికి పొదుపు వస్తుంది? ఒక మోస్తరు స్పష్టతతో, అంటే 480 నాణ్యతలో, గంటసేపు వీడియో చూస్తే సుమారు అర జీబీ అవుతుంది. ఒకటిన్నర జీబీ అంటే దాదాపు మూడు గంటల వీడియో. ఇంటర్ చదివే పిల్లలకు రోజుకు మూడు గంటల వీడియో పాఠాలు ఎవరు చెబుతున్నారు? ఒక గంట పాఠానికి పోతే, తక్కిన రెండు గంటలు రీల్స్‌కు మనమే డబ్బు కట్టి ఇచ్చినట్టు.

దీనికి బదులు మొత్తం డేటా ఒకేసారి ఇచ్చే ప్యాక్‌లు ఉన్నాయి. జియోలో 189 రూపాయలకు, ఎయిర్‌టెల్‌లో 199కి, 28 రోజులకు కలిపి రెండు జీబీలు, మాటలు అపరిమితం. ఈ డేటా అర్ధరాత్రికి పోదు. అందువల్ల పిల్లలకు లెక్క చూసుకునే అలవాటు వస్తుంది. పదో తారీఖుకే ఒక జీబీ అయిపోతే ఎక్కడ పోయిందో వాళ్లే వెతుక్కుంటారు. ఇలాంటి ప్యాక్‌లను కంపెనీలు యాప్‌లో ముందు వరసలో పెట్టవు, దుకాణం వాళ్లు అడిగితే తప్ప చెప్పరు. పైగా చిన్న ప్యాక్‌లు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. రోజుకు ఒక జీబీ ఇచ్చే జియో 249 ప్యాక్ 2025 ఆగస్టులో పోయింది. కాబట్టి ప్యాక్ పేరు చెప్పి అడగకండి. "మొత్తం మీద డేటా ఇచ్చే, తక్కువ ధర ప్యాక్ ఏది?" అని అడగండి.

నెలకు రెండు జీబీలు పాఠాలకు ఎలా సరిపోతాయని మీరు అడుగుతారు. సరిపోవు. అక్కడే మేం చెప్పే ఉపాయం. తండ్రి ఫోన్‌లోనో తల్లి ఫోన్‌లోనో ఎలాగూ రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉంటుంది. వాళ్లు దాన్ని సగం కూడా వాడరు, మిగిలింది రోజూ అర్ధరాత్రి పోతూనే ఉంది. సాయంత్రం చదువుకునే వేళ ఆ ఫోన్‌లో హాట్‌స్పాట్ తెరిచి పిల్లల ఫోన్‌కు ఇవ్వండి. పాఠం అప్పుడు చూస్తారు, లేదా యూట్యూబ్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటారు. చదువు అయ్యాక హాట్‌స్పాట్ కట్టేయండి. ఇలా చేస్తే పాఠాల డేటా పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడు, వాళ్ల చేతుల మీదుగా వస్తుంది. బయటికి వెళ్లినప్పుడు వాట్సాప్‌కు, బస్సు సమాచారానికి, ఫారం నింపడానికి పిల్లల ప్యాక్ చాలు. 299 బదులు 189 వేస్తే ఏడాదికి 1,430 రూపాయలు మిగులుతాయి, ఇంటర్ పిల్లలకు ఒకటో రెండో మంచి గైడ్‌లు వస్తాయి.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు చదువుకునే పిల్లలుంటే వైఫై గురించి ఆలోచించండి. ఏపీ ఫైబర్‌నెట్, బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్, కేబుల్ వాళ్ల నెట్, ఏది మీ వీధి దాకా వచ్చిందో అది తీసుకోండి. నలుగురి ప్యాక్‌లు తగ్గించుకుంటే చాలా ఇళ్లలో దాని అద్దె దానికే సరిపోతుంది. రౌటర్‌కు స్విచ్ ఒకటి ఉంటుంది. రాత్రి పదికి ఇంట్లో పెద్దవాళ్లు లైటు ఆర్పినట్టే దాన్నీ ఆర్పేయొచ్చు. ఏ యాప్ అక్కర్లేదు.

5జీ గురించి ఒక మాట. 'అపరిమిత 5జీ' అని రాసి ఉన్నది 2024 జులై నుంచి జియోలోనూ ఎయిర్‌టెల్‌లోనూ రోజుకు రెండు జీబీలు, అంతకు మించిన ప్యాక్‌లకే. 5జీ ఫోన్ కొన్నంత మాత్రాన అది రాదు. మా మాట వింటే, ఇంటర్ పిల్లలకు రాకపోవడమే మేలు. ఫోన్ 5జీది కొనండి, నాలుగేళ్లు పనికొస్తుంది. ప్యాక్ మాత్రం చిన్నది వేయండి.

ఏ కంపెనీ అన్నది పేపర్లో ప్రకటన చూసి తేల్చకండి. పిల్లలు చదువుకునే గదిలో, కాలేజీలో, వాళ్లు వెళ్లే బస్సు దారిలో ఏది అందుతుందో పక్కింటివాళ్ల ఫోన్ అడిగి చూడండి. మాడుగుల దాటి కొండ దారి పట్టే కుటుంబాలకు ఇది ఇంకా ముఖ్యం. బీఎస్‌ఎన్‌ఎల్ 2025 సెప్టెంబరులో దేశమంతటా తన 4జీని ప్రారంభించింది. ధరలు తక్కువ. మీ ఇంట్లో అందితే దానంత లాభం లేదు, అందకపోతే ఎంత తక్కువ ధరైనా దండుగే. సిగ్నల్ బాగాలేని కంపెనీలో ఇరుక్కుపోయామని అనుకోవద్దు. నంబరు మారకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. పోర్ట్ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కొంచెం ఖాళీ వదిలి, మీ నంబరు వేసి 1900కి మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. దాన్ని కొత్త కంపెనీ దుకాణంలో చూపాలి. ఉన్న కంపెనీలో తొంభై రోజులు పూర్తయి ఉండాలి.

సిమ్ ఎవరి పేరు మీద

పద్దెనిమిదేళ్లు నిండని వారి పేరు మీద కొత్త సిమ్ ఇవ్వకూడదని టెలికాం శాఖ 2021 సెప్టెంబరులో కంపెనీలకు చెప్పింది. మైనరుతో ఒప్పందం చట్టం ముందు నిలవదు కదా. కాబట్టి ఇంటర్ పిల్లల సిమ్ తప్పనిసరిగా తల్లి పేరునో తండ్రి పేరునో ఉంటుంది. ఇది కాగితం మీది లాంఛనం అనుకోవద్దు. ఆ నంబరు నుంచి ఎవరికైనా బెదిరింపు వెళ్లినా, మోసం జరిగినా పోలీసులు మొదట తలుపు తట్టేది సిమ్ ఎవరి పేరు మీద ఉందో వారిదే. "స్నేహితుడికి రెండు రోజులు సిమ్ ఇచ్చాను" అని కొడుకు చెబితే సరదాగా తీసుకోకండి. సిమ్‌ను, బ్యాంకు ఖాతాను 'అద్దెకు' ఇస్తే వెయ్యో రెండు వేలో ఇస్తామని కుర్రాళ్లకు ఆశ చూపే ముఠాలు ఉన్నాయి. ఒకరి పేరు మీద తొమ్మిది సిమ్‌లకు మించి ఉండకూడదు. దాటితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మొదటిసారి 50 వేల రూపాయల వరకు జరిమానా. మీ ఆధార్ మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. ఒక్కసారి చూడండి. మీరు కొనని నంబరు కనిపిస్తే అక్కడే 'ఇది నాది కాదు' అని నొక్కొచ్చు.

ఇక మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది: నాన్న కొత్త ఫోన్ కొని, పాత ఫోన్‌ను సిమ్‌తో సహా కొడుక్కి ఇచ్చేయడం. పాత ఫోన్ ఇవ్వడం మంచి పనే, సిమ్ ఇవ్వడం మాత్రం కాదు. ఆ నంబరుకే బ్యాంకు ఖాతా, ఆధార్, రేషన్ కార్డు, తల్లి నంబరైతే తల్లికి వందనం డబ్బు సమాచారం, అన్నీ ముడిపడి ఉంటాయి. బ్యాంకు నంబరున్న సిమ్ పిల్లల ఫోన్‌లో ఉండకూడదు. పాత ఫోన్ ఇచ్చేముందు ఫోన్‌పే, గూగుల్‌పే తీసేయండి, గూగుల్ ఖాతా తొలగించి ఫోన్‌ను పూర్తిగా ఖాళీ చేయండి. ఆటల్లో డబ్బు పెట్టించే యాప్‌ల మీద 2025 ఆగస్టులో కేంద్రం నిషేధ చట్టం తెచ్చినా, నాన్న యూపీఐ పిన్ తెలిసిన పిల్లవాడికి ఎక్కడో ఒక దారి దొరుకుతూనే ఉంటుంది.

సెట్ సంగతి

ఇది త్వరగా ముగిద్దాం. నిల్వ 128 జీబీ, ర్యామ్ ఆరు జీబీ ఉంటే మంచిది, నాలుగుకు తగ్గొద్దు. బ్యాటరీ ఐదు వేల ఎంఏహెచ్ ఉంటే సాయంత్రం దాకా ఆగుతుంది. అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న, ఎవరూ అడగని ప్రశ్న, "దీనికి భద్రతా అప్‌డేట్‌లు ఎన్నేళ్లు వస్తాయి?" అన్నది. కొన్నిటికి రెండేళ్లే వస్తాయి. 2024 అక్టోబరులో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీ లాంటి మధ్యరకం ఫోన్‌కు కంపెనీ ఆరేళ్లు ఇస్తానంది. వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఎక్కువ ఏళ్లు వచ్చేదే చివరికి చవక. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లన్నది ఇంటర్ చదువుకు అక్కర్లేని విషయం. పెట్టెలో చార్జర్ ఉందో లేదో చూసుకోండి, ఇప్పుడు చాలావాటిలో ఉండటం లేదు.

పాత ఫోన్ కొనేటట్టయితే బిల్లు లేకుండా కొనకండి. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ (*#06#) నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. ఇంగ్లీషులో కె, వై, ఎం అక్షరాలు రాసి, ఖాళీ వదిలి ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పంపితే ఫోన్ సక్రమమైనదా, దొంగ సొత్తుగా నమోదైందా తెలుస్తుంది.

వాయిదాల మీద కొనడం గురించి మన వాళ్లు ప్రత్యేకంగా అడుగుతారు: "నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు, వడ్డీ లేదు కదా?" పేరులో లేదు. 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు సున్నా వడ్డీ అనే మాటే సరికాదని, వడ్డీని ఏదో ఒక రూపంలో కలిపేస్తున్నారని బ్యాంకులకు చెప్పింది. వడ్డీకి సమానమైన తగ్గింపును ధరలో చూపించి, అదే డబ్బును వడ్డీగా తీసుకోవడం, ప్రాసెసింగ్ ఫీజు వేయడం దీని తంతు. నగదుకు ఎంత, వాయిదాలకు మొత్తం ఎంత అని ఒకే కాగితం మీద రాయించుకోండి. రెండింటికీ తేడా ఉంటే అది వడ్డీయే, పేరేదైనా. సూద్‌కు దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు ఆ కాగితం చూసి నిర్ణయించుకోవచ్చు. వాయిదా కట్టడం ఆలస్యమైతే ఫోన్‌నే తాళం వేసేసే యాప్‌ను కొందరు ముందే వేసి ఇస్తారు. పరీక్షల నెలలో అలా జరిగితే నష్టం పిల్లలకు. ఆరు నెలలు దాచి కొనడమే నయం, ఆ ఆరు నెలలూ పిల్లలు ఇంట్లో ఫోన్ వాడుకుంటారు.

ఫోన్ కొన్నాక దుకాణంలోనే జరిగిపోయే ఒక చిన్న పని మీద కన్నేసి ఉంచండి. కౌంటర్ దగ్గర ఉన్న కుర్రాడు "జీమెయిల్ చేసేస్తాను అంకుల్" అని తనకు తోచిన పుట్టిన సంవత్సరం, తనకు గుర్తుండే పాస్‌వర్డ్ వేసి ఖాతా తెరుస్తాడు. గూగుల్ దృష్టిలో మీ పదహారేళ్ల అమ్మాయి ముప్పై ఏళ్ల మనిషి అయిపోతుంది. పిల్లల కోసం పెట్టిన రక్షణలు ఆ క్షణమే తొలగిపోతాయి. ఇన్‌స్టాగ్రామ్ 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలో టీన్ ఖాతాలు తెచ్చింది. తెలియనివారు మెసేజ్ పెట్టలేరు, ఖాతా అందరికీ కనపడదు, పదహారేళ్లలోపు వారు ఆ కట్టుబాట్లు సడలించాలంటే పెద్దవాళ్ల అనుమతి కావాలి. ఇవన్నీ పుట్టిన తేదీ నిజంగా వేస్తేనే. ఖాతా ఇంటికి వచ్చి, పిల్లలతో కూర్చుని, ఆధార్‌లో ఉన్న తేదీతో తెరవండి. గూగుల్ ఫ్యామిలీ లింక్ అనే ఉచిత యాప్‌తో ఏ యాప్ వేయాలో, రాత్రి ఎన్నింటికి ఫోన్ ఆగిపోవాలో మీ ఫోన్ నుంచే పెట్టొచ్చు. ఒకటి మాత్రం చెబుతాం, పిల్లలకు తెలియకుండా పెట్టకండి. దొంగచాటుగా చూస్తున్నారని తెలిస్తే పిల్లలు రెండో ఫోన్ సంపాదిస్తారు, ఈసారి మీకు తెలియకుండా.

అమ్మాయి సంగతి

2024లో దేశమంతటా గ్రామాల్లో జరిగిన అసర్ సర్వేలో, పద్నాలుగు నుంచి పదహారేళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చునని తేలింది. వారిలో అంతకు ముందు వారం చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. వాడటం వచ్చినవారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 36 శాతమైతే అమ్మాయిలు 27 శాతం. ఇది మన ఒక్కరి ఇళ్ల సంగతి కాదని చెప్పడానికే ఈ అంకెలు. అయితే మన ఇళ్లలో తేడా ఇంతకన్నా తక్కువేమీ ఉండదని మాకు అనిపిస్తుంది.

అబ్బాయికి ఫోన్ కొనేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు. అమ్మాయికి అనగానే పరువు, ఫొటోలు, తెలియని ఫోన్లు, రేపటి పెళ్లి సంబంధం, అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి. ఈ భయాలు వట్టివని మేము అనం. ఫొటోలు మార్ఫింగ్ చేసేవాళ్లు ఉన్నారు, బెదిరించేవాళ్లు ఉన్నారు. అయితే ఫోన్ ఇవ్వకపోతే అమ్మాయికి జరిగే నష్టం ఎలా ఉంటుందో కూడా చూడాలి. అది కనపడని నష్టం.

ఇంటర్ తర్వాత ఏ దారి పట్టాలన్నా ఒక మొబైల్ నంబరు అడుగుతారు. ఈఏపీసెట్ దరఖాస్తుకు, కౌన్సెలింగ్‌కు, స్కాలర్‌షిప్‌కు వచ్చే ఓటీపీలూ మెసేజ్‌లూ ఆ నంబరుకే వస్తాయి. అమ్మాయికి నంబరు లేకపోతే ఏం జరుగుతుంది? ఫారం నింపే నెట్ సెంటర్‌లో "నంబరు చెప్పండి" అంటారు. నాన్న నంబరు ఇస్తే, ఓటీపీ వచ్చే వేళకు నాన్న లారీ మీదో, సంతలోనో ఉంటాడు. ఏదీ లేకపోతే సెంటర్ అతను తన నంబరే వేసేస్తాడు. ఆ తర్వాత కౌన్సెలింగ్ తేదీ ఎవరికి తెలియాలి? మెసేజ్ వచ్చింది అతనికి, అతని దగ్గర అలాంటివి వంద ఉంటాయి. వెబ్ ఆప్షన్లకు గడువు నాలుగైదు రోజులే. సీటు పోయిందని ఎవరూ చెప్పరు, "అమ్మాయికి రాలేదు" అంటారు. మార్కులు రాక కాదు, మెసేజ్ అందక. ఆ తర్వాతి మాట సంబంధాలు చూడటమే.

2024-25 నుంచి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వన్ టైమ్ రిజిస్ట్రేషన్‌కు ఆధార్‌తో ముఖాన్ని సరిపోల్చే పద్ధతి వచ్చింది, అది ఆండ్రాయిడ్ ఫోన్‌లో చేయాలి. 2025 ఇంటర్ పరీక్షల హాల్ టికెట్లు ప్రభుత్వం 'మన మిత్ర' వాట్సాప్ నంబరు 95523 00009 ద్వారా కూడా ఇచ్చింది. చదువు తాలూకు కాగితాలన్నీ ఒక్కొక్కటిగా ఫోన్‌లోకి చేరిపోతున్నాయి. నంబరు లేని అమ్మాయి ప్రతి కాగితానికీ ఇంకొకరి చేతి మీద ఆధారపడాలి. (మన ఊరు 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది. చాలామంది ఆధార్‌లో పాత జిల్లాయే ఉంది. ఫారం నింపేటప్పుడు ఈ చిక్కు కూడా చూసుకోండి.)

అందుకని మా సలహా ఇది. అన్నదమ్ములకు కొన్నరోజే, లేదా ఇంటర్‌లో చేరినరోజే, అమ్మాయికి కూడా ఒక నంబరు తీసుకోండి. తల్లి పేరు మీద తీసుకోండి. చదువు ఫారాలన్నిటిలో ఆ నంబరొక్కటే ఇవ్వండి, డిగ్రీ దాకా మార్చకండి. ఇద్దరికీ ఫోన్ కొనే స్తోమత లేకపోతే ఒకే ఫోన్‌లో రెండు సిమ్‌లు వేసి ఇంట్లో పెట్టండి, బయటికి చదువుకు వెళ్లేవారు తీసుకెళ్తారు. అబ్బాయి ఒక్కడి జేబులోనే ఉండే ఫోన్ మాత్రం ఇంటి ఫోన్ కాదు. ఏ కట్టుబాటు పెట్టినా ఇద్దరికీ ఒకటే పెట్టండి: రాత్రి పది తర్వాత ఫోన్‌లన్నీ ముందు గదిలో చార్జింగ్‌కు, మనవి కూడా.

అబ్బాయిల తల్లిదండ్రులతో విడిగా ఒక మాట. అమ్మాయిల ఫోన్ల గురించి మనం పడే భయంలో చాలా భాగం అవతల ఎవరో అబ్బాయి చేతిలో ఉన్న ఫోన్ వల్లే కదా. మైనర్ల అశ్లీల చిత్రాలు చూసినా, దాచుకున్నా, ఎవరికైనా పంపినా ఐటీ చట్టం 67బి సెక్షన్ ప్రకారం మొదటి నేరానికే ఐదేళ్ల దాకా జైలు. గ్రూపులో వచ్చిందని ముందుకు పంపడం కూడా పంపడమే. ఫోన్ పెట్టె విప్పేముందు ఈ మాట కొడుక్కి నోటితో చెప్పాలి.

ఏదైనా జరిగితే

అమ్మాయి అయినా అబ్బాయి అయినా బెదిరింపు వచ్చినప్పుడు ఇంట్లో చెప్పకపోవడానికి పెద్ద కారణం ఒకటే: చెబితే ఫోన్ లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు. బెదిరించేవాడికీ ఇది తెలుసు, అందుకే వాడి మాట చెల్లుతోంది. ఫోన్ ఇచ్చే రోజునే స్పష్టంగా చెప్పండి: "ఏది జరిగినా ముందు మాకు చెప్పు. చెప్పినందుకు ఫోన్ తీసుకోం, కాలేజీ మాన్పించం." చెప్పినట్టే నిలబడండి.

ఎవరైనా బెదిరిస్తే డబ్బు పంపొద్దు, మెసేజ్‌లు చెరిపేయొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. డబ్బు పోయి ఉంటే వెంటనే, గంటల్లోనే, 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల నగ్న చిత్రాలు, అవి నిజమైనవైనా కల్పించినవైనా, నెట్‌లో పెట్టారన్న భయం ఉంటే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. చిత్రాన్ని ఎవరికీ పంపక్కర్లేదు. దాని గుర్తును మాత్రమే మన ఫోన్ నుంచి తీసుకుని, అందులో చేరిన సంస్థల వేదికల మీద ఆ చిత్రం కనిపిస్తే తొలగించేలా చూస్తారు. పిల్లల సహాయానికి 1098, రాత్రి పగలు పనిచేస్తుంది. రాష్ట్ర పోలీసుల శక్తి యాప్‌ను అమ్మాయి ఫోన్‌లో వేసి, ఎలా నొక్కాలో ఒకసారి చూపించండి.

ఫోన్ పోతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితంతో సంచార్ సాథీలో ఐఎంఈఐ నంబరు వేస్తే ఆ సెట్ దేశంలో ఏ సిమ్‌తోనూ పనిచేయకుండా ఆపేస్తారు. దానికి ఐఎంఈఐ తెలిసి ఉండాలి. పెట్టె మీద ఉన్న నంబర్లను, బిల్లును ఈ రోజే మీ ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. పెట్టెను అటక మీద పడేసే ఇళ్లలో ఆ పని మరీ ముందుగా చేయాలి.